ఇంటి ప్రేక్షకుని తీర్పు: పోరాట చిత్రాలపై ఒక పరిశీలన

రసప్రకరణం బోధించే దినాలలో తరగతిలో ఒక విచిత్రం జరుగుతూ ఉంటుంది. వీరరసానికి స్థాయి ఉత్సాహమనీ, రౌద్రానికి స్థాయి క్రోధమనీ మేము నల్లబల్లపై వ్రాస్తాము. విద్యార్థులు దానిని నోటుపుస్తకాలలో ఎక్కించుకొంటారు. అంతటితో ఇరుపక్షాల బాధ్యత తీరినట్లే. కాని గంట మ్రోగిన మరుక్షణం ఆ విద్యార్థులే వరండాలో గుమిగూడి, గత రాత్రి ఇంట చూచిన చిత్రంలో కథానాయకుడు ఎదుటివానిని అంతగా కొట్టవలసిన పని ఉన్నదా లేదా అని, తరగతిలో ఏనాడూ చూపని ఆవేశంతో వాదించుకొంటూ ఉంటారు.

ఆ వరండాను దాటిపోతూ మేము చిరునవ్వు నవ్వుకొన్న రోజులున్నవి. వారు తమకు తెలియకుండానే ఆనాటి పాఠాన్ని మననం చేస్తున్నారని గ్రహించడానికి మాకు కొన్ని సంవత్సరాలు పట్టినది. పోరు రెండు రసాలలోనూ ఉన్నది. క్రోధం నుండి పుట్టినప్పుడు అది రౌద్రం, ఉత్సాహం నుండి పుట్టినప్పుడు వీరం. “వాడు ఎందుకు కొట్టాడు?” అన్న ప్రశ్న ఈ రెంటినీ వేరుపరచే గీటురాయి. ఆ ప్రశ్న మా ఇండ్లలో ప్రతిరాత్రి వినిపిస్తున్నదే గాని, అది విమర్శ అని ఎవరూ అనుకొనరు.

పత్రికలో సమీక్ష వ్రాసేవానిని విమర్శకుడంటాము. టిక్కెట్టు కొని ఈల వేసేవానిని అభిమాని అంటాము. ఇంట చాపమీద కూర్చుండి, ఒక చేత చిక్కుడుకాయలు వలుస్తూ, మరొక చేత పసిబిడ్డను ఆపుతూ, మధ్యమధ్య తెరవైపు చూచి ఒక మాట అనే తల్లిని ఏమనవలెను? ఆమెకు మన పరిభాషలో పేరు లేదు. ఈ వ్యాసంలో ఆమెను, ఆమె వంటివారిని ‘గృహప్రేక్షకులు’ అని వ్యవహరిస్తాము.

ప్రేక్షకుని మాటకు శాస్త్రంలో చోటు లేదనుకొనడం పొరపాటు. భరతుని నాట్యశాస్త్రంలో ఇరువది ఏడవ అధ్యాయం నాట్యసిద్ధిని గురించినది. ప్రదర్శన ఫలించినదని తెలిసికొనుట ఎట్లు అన్నదానికి భరతుడు ప్రేక్షకుల వైపే చూపుతాడు. వారి చిరునవ్వు, పెద్దనవ్వు, మెప్పుమాట, అయ్యో అను జాలిమాట, గగుర్పాటు, ఆసనం నుండి లేచుట వంటివన్నీ ఆయన లెక్కలోనికి వచ్చినవి. సహృదయుడు మౌనంగా కూర్చుండవలెనన్న నియమం ఆయన పెట్టినది కాదు, తరగతి గదులలో మనం పెట్టుకొన్నది.

మన దేశికళలలో ఇంకొక అడుగు ముందుకు వేసినవి కూడ కలవు. బుర్రకథనే చూడుడు. నడుమ తంబురా మీటుతూ కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కథకుడు యుద్ధఘట్టం ఎత్తుకొని ఊగిపోతున్నప్పుడు ఒక వంత హాస్యమాడుతాడు, మరొక వంత నాటి రాజకీయాన్ని ముడిపెట్టి ప్రశ్న వేస్తాడు. అనగా ప్రేక్షకుని నోటిలోని మాట అచ్చట ప్రదర్శనలోనే భాగమైనది. ఈ కళకు తెలుగునాట అత్యున్నత ప్రతిష్ఠ తెచ్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన పేద ముస్లిం. పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని ఆయన గొంతుతో విన్న జనం ఆ కథలలోని వీరులను తమ ఇంటివారిగా తలచినారు. ఆయనకు 1986లో పద్మశ్రీ పురస్కారం లభించినది. మా విద్యార్థులలో పలువురికి ఆయన పేరే తెలియకపోవడం మాకు బాధ కలిగించిన విషయం. గృహప్రేక్షకుడు ఆ వంతకు వారసుడని మా అభిప్రాయం. సినిమాహాలులో ఈలలలో మునిగిపోయే మాట, ఇంట నలుగురి మధ్య స్పష్టంగా వినిపిస్తుంది.

క్రిందటి విద్యాసంవత్సరంలో మేము విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించినాము. ఇంట పోరాట చిత్రం గాని, ధారావాహిక గాని చూచే వేళ పెద్దలు పిల్లలు పైకి అన్న మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొని రమ్మన్నాము. సినిమా చూచుట కూడ పాఠమా అని ఒక పెద్దమనిషి మమ్ము అడిగినారు. చూచుట కాదు, వినుట పాఠమని విన్నవించుకొన్నాము. వచ్చిన కాగితాలలో సగం ‘బాగున్నది’, ‘బాగులేదు’ అన్న రెండు మాటలతోనే ముగిసినవి. తక్కిన సగం మాత్రం మేము పదిలంగా దాచుకొన్నాము.

వానిలో తరచుగా కనిపించిన ఆక్షేపణ ఒకటున్నది. “ఇరువది మంది రౌడీలు చుట్టూ నిలిచి ఉండగా ఒక్కొక్కడే వచ్చి తన్నులు తింటాడేమి? అందరూ ఒక్కసారి మీద పడరాదా?” ఇది సత్యమైన ఆక్షేపణయే. అయితే దానికొక కారణం కలదు. పోరాటం కూడ నృత్యం వంటి కూర్పు. దెబ్బ నిజంగా తగులదు. ముఖానికి కొంత ఎడంగా పిడికిలి పోతుండగా, ఆ ఎడం కనబడని కోణంలో కెమేరాను నిలుపుతారు. చప్పుడును తరువాత శబ్దశాలలో చేర్చుతారు. ఇరువది మంది ఒక్కసారి కలియబడితే నటులకు గాయాలవుతవి, చూచేవారికి ఏ దెబ్బ ఎవరిదో తెలియదు. కావున వరుస తప్పదు. నేర్పరియైన పోరాట దర్శకుడు ఆ వరుసను మరుగుపరుస్తాడు, నేర్పు లేనివాడు బయటపెట్టుకొంటాడు. “తరువాతివాడు తన వంతు కొరకు కాచుకొని ఉన్నాడు, చూడు” అని ఒక విద్యార్థిని తమ్ముడు అన్నాడట. పదేండ్ల పిల్లవాడు ఇంతకంటె చక్కని విమర్శ ఏమి చేయగలడు?

మందగతి దృశ్యాల విషయం కూడ అట్టిదే. సాధారణంగా సెకనుకు 24 చిత్రాలు తీసి అదే వేగంతో చూపుతారు. సెకనుకు 48 తీసి 24 వంతున చూపితే చర్య సగం వేగంతో సాగుతుంది. దెబ్బకు బరువు తెచ్చే ఈ ఉపాయాన్ని పొదుపుగా వాడితే ఇంటివారు ఊపిరి బిగబట్టి చూస్తారు. ప్రతి అడుగుకూ వాడితే “ఈలోగా అన్నం వార్చి వస్తాను” అని లేచిపోతారు. పెద్ద తెరకు లొంగిపోయే కన్ను చిన్న తెరకు అంత సులభంగా లొంగదు. ఇంట దీపం వెలుగుతూ ఉంటుంది, వాకిట కూరగాయల బండి కేక వినబడుతూ ఉంటుంది. ఇన్నిటి మధ్య కూడ ఒక పోరాటం మనిషిని కదలనీయకుండా కూర్చుండబెట్టినదంటే, దానిలో ఆర్భాటం కాక వేరొకటి ఉన్నదనుకోవలసి వస్తుంది.

ఆ వేరొకటి ఏమిటో 2020లో మాకు తేటపడినది. ఆ సంవత్సరం మార్చి చివర దేశమంతా తలుపులు మూసికొని ఉండగా, బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ను దూరదర్శన్ తిరిగి ప్రసారం చేసినది. 1988 అక్టోబరు నుండి 1990 జూన్ వరకు తొలిసారి వచ్చిన ఆ 94 భాగాలను మా తల్లిదండ్రుల తరం ఇరుగుపొరుగుతో కలిసి చూచినది. మేము అప్పటికి పుట్టలేదో, ఊయెలలో ఉన్నామో. నాటి సంగతి మా అమ్మీ చెప్పగా విన్నాము. వీధికి ఒకటే టి.వి. ఉండేదట, అది మా యింట ఉండేదట. పొరుగింటి పిన్నిగారికి హిందీ క్రియాపదాలు తెలియవు, మావారికి సంస్కృత పదాలు తెలియవు. ‘ప్రతిజ్ఞ’, ‘పితామహ’, ‘ధర్మసంకట’ అని తెరమీద వినిపించగానే పిన్నిగారు అర్థం చెప్పేవారట. తక్కిన వాక్యాన్ని మా నానీ పూర్తి చేసేవారట. ఇద్దరు కలిస్తే గాని ఒక సంభాషణ తెలిసేది కాదు. ఆ సంభాషణలను వ్రాసినవారు డాక్టర్ రాహీ మాసూమ్ రజా, ‘ఆధా గావ్’ నవలాకర్త. అర్జునుడుగా నటించినవారు ఫిరోజ్ ఖాన్. పితాశ్రీ, మాతాశ్రీ అన్న పిలుపులు ఆనాడు పిల్లల నోట ఆటగా మారినవి. వానిలో అబ్బాజాన్, అమ్మీజాన్ అన్న మన్నన ధ్వనిస్తున్నదని మాకు తోచినది.

ఇక 2020లో ఆ యుద్ధభాగాలను చూచినప్పుడు మా యింటి పిల్లలు విరగబడి నవ్వినారు. ఒక బాణం ఆకాశంలో నింపాదిగా పోతుంది, ఎదురుగా వేరొక బాణం వస్తుంది, రెండూ ముఖాముఖి నిలిచి వెలుగు చిమ్ముతవి. నేటి కంప్యూటరు చిత్రాలకు అలవడిన కన్నుకు అది పసివారి బొమ్మలాటయే. మేమూ నవ్వినాము. కాని అభిమన్యుడు పద్మవ్యూహంలో ఒంటరియైన భాగం వచ్చిన రోజు ఎవరూ నవ్వలేదు. బాణాలు అవే, వెలుగులు అవే. నవ్విన పిల్లవాడే “అంతమంది కలిసి ఒక్కడినా?” అని లేచి నిలుచున్నాడు. భరతుడు చెప్పిన ఆసనం విడుచుట ఇదియే గదా. పనితనంలోని లోపాలను కారణబలం కప్పివేసినది. కారణబలం లేనిచోట ఎంత పనితనమైనా నిలువదని, ఆ తరువాత చూచిన పలు చిత్రాలు మాకు నిరూపించినవి.

ఉర్దూ విభాగంలోని మిత్రులు ఇందుకు ఒక చక్కని కొలబద్దను అందించినారు. దాస్తాన్ కథనానికి నాలుగు అంగాలు చెబుతారు: రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ. అనగా యుద్ధం, సభ, మాయ, మారువేషపు టెత్తు. లక్నో నవల్ కిశోర్ ముద్రణాలయం 46 సంపుటాలుగా వెలువరించిన అమీర్ హంజా దాస్తాన్ అంతటా ఈ నాలుగూ అల్లుకొని ఉంటవి. మన జానపద చిత్రాలలో, ‘పాతాళభైరవి’ (1951) మొదలుకొని, ఈ నాలుగూ కనిపిస్తవి. నేటి పోరాట చిత్రాలను చూచి మా నానీ అనేది ఒకటే: “అంతా తన్నులాటే గాని, నలుగురు కూర్చుండి అన్నం తినడం లేదేమి బేటా?” ఆమె దాస్తాన్ శాస్త్రం చదువలేదు. కాని రజ్మ్ ఉన్నదనీ బజ్మ్ లోపించినదనీ ఆమె పట్టుకొన్నది. అన్నం తినే దృశ్యం లేనిదే, తరువాత ఆ యింట ఒకడు పడిపోయినప్పుడు మనకేమి నొప్పి కలుగుతుంది? ‘శివ’ (1989)లో సైకిలు గొలుసును అందరూ చెప్పుకొంటారు. కాని ఆ చిత్రాన్ని ఇంట చూచినవారు చివరకు మాట్లాడుకొనేది ఆ చిన్నపిల్లను గురించియే.

నమ్మశక్యం కానిదాని విషయంలో గృహప్రేక్షకులు కఠినులని ఒక వాదమున్నది. అది సరికాదు. ‘ఆర్.ఆర్.ఆర్.’ (2022)లోని వంతెన ఘట్టం మా విద్యార్థుల కాగితాలలో మాటిమాటికి వచ్చినది. వంతెనపై రైలు మండుతున్నది, క్రింద నీటిలో పిల్లవాడు చిక్కుకొన్నాడు. ఒకడు గుర్రంపై, ఒకడు మోటారు సైకిలుపై, ఒక త్రాటి రెండు కొనలు నడుముకు కట్టుకొని వంతెనకు అటు ఇటు దుముకుతారు. భౌతికశాస్త్రం చదివే ఒక విద్యార్థి దీనిని లెక్కవేసి, అసాధ్యమని తేల్చి, తన తల్లికి చెప్పినాడట. ఆమె “లెక్క తప్పితే తప్పనీ, పిల్లవాడు బ్రతికినాడు గదా” అన్నదట. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో, నమ్మరాని సాధ్యంకంటె నమ్మదగిన అసాధ్యం మేలని చెప్పినాడు. ఆ తల్లి చెప్పినది అదే. ఇద్దరు అపరిచితులు ఒక మత్స్యకారుల బిడ్డ కొరకు ఒకే సంజ్ఞతో ఒకటైనారన్నది ఆమె నమ్మినది. త్రాడు సంగతి ఆమెకు పట్టలేదు. ఆ తల్లియే మరొక చిత్రంలో తుపాకిగుండ్లు వందలుగా కురుస్తుండగా నాయకుని చొక్కా నలుగకపోవడం చూచి “వీడికి చావు లేనప్పుడు మనకు భయమెందుకు?” అని టి.వి. కట్టివేసినదట. మొదటిదానిలో పణం ఉన్నది, రెండవదానిలో లేదు. ఈ తేడాను మా పాఠ్యగ్రంథాలు పది పుటలలో చెబుతవి.

‘షోలే’ (1975) సంగతి మరింత ఆశ్చర్యకరం. చివర ఠాకూర్ తన పగ తీర్చుకొనే ఘడియలో పోలీసులు వచ్చి ఆపుతారు. మా అబ్బా ఎన్నిసార్లు చూచినా అచ్చట తృప్తి లేక “ఇది అతికించినట్లున్నది” అనేవారు. ఆయన సినిమా చరిత్ర చదివినవారు కారు. నిజానికి తొలుత చిత్రించిన ముగింపులో ఠాకూర్ తన మేకుల చెప్పులతో గబ్బర్‌ను చంపుతాడు. సెన్సారు వారి పట్టుదలతో పోలీసుల దృశ్యాన్ని తిరిగి తీసినారు. 2025లో పునరుద్ధరించిన ప్రతి ఆ తొలి ముగింపుతోనే వచ్చినది. అతుకును తన కంటితోనే పట్టిన మా అబ్బా తీర్పుకు అర్ధశతాబ్ది తరువాత సాక్ష్యం దొరికినది. ఏ ముగింపు మంచిది అన్నది వేరు ప్రశ్న. చట్టం చేతికి అప్పగించుటే మేలని మేము ఇప్పటికీ అంటాము. ఆయన ఒప్పుకొనరు.

ఆ చిత్రంలోనే ఠాకూర్ కుటుంబ వధ కలదు. పసివానిపై తుపాకి ఎక్కుపెట్టడం వరకే చూస్తాము. తరువాత రైలు చప్పుడు, కప్పిన శవాలు, గాలికి కదిలే ఊయెల. యుద్ధాన్ని, మరణాన్ని రంగస్థలంపై ప్రత్యక్షంగా చూపరాదని భరతుడు ఏనాడో విధించినాడు. నెత్తురు ధారలు కట్టే నేటి చిత్రాలను నిర్వికారంగా చూచే ఒక విద్యార్థి, ఆ ఊయెల దగ్గర మాత్రం ముఖం త్రిప్పుకొన్నానని వ్రాసినాడు.

ఇంతవరకు ఇంటివారు అన్న మాటలను చెప్పినాము. వారు అనని మాట ఒకటున్నది, దానిని దాటవేయడం ధర్మం కాదు. ఇటీవలి కొన్ని దశాబ్దాల పోరాట చిత్రాలలో ఒక ప్రతినాయకుడు పరిపాటి అయినాడు. అతని టోపీ, గడ్డం, పేరు, నేపథ్యంలో వినిపించే రాగం, అన్నీ ముందే నిర్ణయమై ఉంటవి. అతడు తెరపైకి రాగానే మా యిండ్లలో వ్యాఖ్యానం ఆగిపోతుంది. అంతవరకు గుండ్లు లెక్కపెట్టిన పిల్లవాడు లెక్కపెట్టడు. ఎవరో శబ్దం తగ్గిస్తారు, ఎవరో చాయ్ కొరకు లేస్తారు. ఒక విద్యార్థిని కాగితంలో ఆ చోట ఏమీ వ్రాయక ఖాళీ వదలినది. ఎందుకని అడిగితే “ఎవరూ ఏమీ అనలేదు సార్” అన్నది. ఆ ఖాళీ మాకు వచ్చిన కాగితాలన్నిటిలో బరువైనది.

ఇది మతాభిమానంతో చెప్పే మాట కాదు. దుష్టుడు ఏ ఇంట పుట్టినా దుష్టుడే. అట్టి పాత్ర ఉండరాదని మేము అనము. మా ఆక్షేపణ కళాపరమైనది. పేరునే కారణంగా చూపినప్పుడు కారణం లేనట్లే లెక్క. “వాడు ఎందుకు కొట్టాడు?” అన్న ప్రశ్నకు రచయిత తప్పించుకొన్న జవాబు అది. మా నానీ ఒకనాడు ఆ నిశ్శబ్దంలో ఒక్క మాట అన్నది: “ఆ అబ్బాయి తల్లిని చూపనే లేదు.” ‘షోలే’లోని గ్రుడ్డి ఇమాం రహీం చాచాను, డాకువుల చేత చచ్చిన అతని కొడుకు అహ్మద్‌ను ఆమె మరువలేదు. ‘ఆర్.ఆర్.ఆర్.’లో భీముడు అఖ్తర్ అన్న పేరుతో తలదాచుకొన్న ఢిల్లీ ముస్లిం కుటుంబం కనిపించినప్పుడు ఆమె మా వైపు తిరిగి నవ్వినది. ఒక పాత్రకు ఇల్లు, అన్నం, తల్లి ఉన్నవంటే ఆమెకు చాలును.

ఆ ఖాళీని ఏమి చేయవలెనన్నది మా తరగతిలో రెండు గంటలు చర్చకు వచ్చినది. చూడక మానుట మేలని కొందరన్నారు. మానితే మన మాట ఎవరు వింటారని కొందరన్నారు. తరగతిలోని హిందూ విద్యార్థి ఒకడు, తమ ఇంట ఆ ఘట్టంలో ఎవరూ ఆగలేదనీ, తాను ఇన్నాళ్ళు దానిని గమనించలేదనీ మెల్లగా చెప్పినాడు. పాఠం అనదగినది మాకు ఆనాడు జరిగినది. ఒకే తెర, రెండిండ్లు. ఒక ఇంట మాట సాగినది, ఒక ఇంట ఆగినది. 1988లో పిన్నిగారు, నానీ చెరిసగం చేసికొన్న సంభాషణ మాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

ఈ యేడు కూడ ఆ పని అప్పగిస్తున్నాము. మొదటి నియమం: ‘బాగున్నది’, ‘బాగులేదు’ అన్నచోట “ఎందుకు?” అని అడిగి జవాబు కూడ వ్రాయవలెను. రెండవది: ఇరుగుపొరుగు ఇండ్లలో ఒకటి మీది కాని మతస్థులది కావలెను, అనుమతి తీసికొని వారితో కూర్చుండి చూడవలెను. మూడవ నియమాన్ని ఆ విద్యార్థినియే చేర్చినది. ఎవరూ ఏమీ అననిచోట ఖాళీ వదలక, ‘ఇచ్చట మౌనం’ అని వ్రాసి, అప్పుడు తెరమీద ఏమి జరుగుతున్నదో ప్రక్కన గుర్తించవలెను. కాగితాలు సంక్రాంతి సెలవుల తరువాత మాకు అందజేయవలెను.